ముందు బ్రేకు, తర్వాతే రంగు

వంగండి. ఇంకా కొంచెం. తల దించకపోతే ఫుట్‌బోర్డు అంచు నుదుటికి తగులుతుంది. నేల మీద పరిచిన అట్ట మీద వెల్లకిలా పడుకోండి. మడమలు ఆనించి బస్సు కిందికి జరగండి.

ఆగండి. టైర్లకు ముందూ వెనకా చెక్క దిమ్మెలు పెట్టారా? పిల్లగాడు పెట్టానన్నాడు. అన్నాడు కదా అని ఊరుకోకండి. చేయి చాపి తడిమి చూసుకోండి. ఇటు ఉంది. అటు? అటూ ఉంది. ఇక జరగండి.

"జాకీని నమ్మొద్దు తమ్మీ. దిమ్మెను నమ్ము" అంటున్నాడు బయటి నుంచి ఉస్తాద్. ఆయన పాదాలు మాత్రమే మీకు కనిపిస్తున్నాయి.

ఇది పాశమైలారం పారిశ్రామికవాడ అంచున ఉన్న రేకుల షెడ్డు. ఇస్నాపూర్ చౌరస్తా నుంచి లోపలికి వచ్చే రోడ్డు మీద కంటైనర్ లారీ వెళ్లినప్పుడల్లా నేల అదురుతోంది. ఆ అదురు మీ వీపుకి తెలుస్తోంది. పక్క షెడ్డులో గ్రైండర్ కీచుమంటోంది. గాలి ఇటు తిరిగితే చాలు, మందుల ఫ్యాక్టరీల వాసన ముక్కులో మంటపెడుతుంది.

మీ ముఖానికి మూరెడు ఎత్తులో బస్సు అడుగుభాగం. లేలాండ్. రెండు తలుపుల సిటీ బస్సు. ముప్పై ఏళ్లు దాటింది. ఊరి జనాన్ని మోసింది, తర్వాత ఓ కంపెనీకి స్టాఫ్ బస్సుగా తిరిగింది, ఆపైన కొన్నేళ్లు వేపచెట్టు కింద ఎండకూ వానకూ నిలబడిపోయింది. దీన్ని మళ్లీ నడిపించాలి. ఆ పని మీ చేతుల్లోకి వచ్చింది.

కళ్లద్దాలు పెట్టుకున్నారా? సుత్తె అందుకోండి. చిన్నది చాలు. ఛాసిస్ మీద అడ్డంగా పరిచిన ఇనుప బేరర్లు వరసగా కనిపిస్తున్నాయి కదా, ప్రయాణికుల బరువంతా వాటి మీదే. ఒక్కోదాన్నీ మెల్లగా కొట్టి వినండి.

ఠంగ్. బాగుంది. ఠంగ్. ఇదీ బాగుంది. ఠంగ్.

డబ్.

మళ్లీ కొట్టండి. డబ్. ఎర్రటి తుప్పు పొడి కళ్లద్దాల మీద రాలింది. వెనక చక్రానికి సరిగ్గా పైన ఉన్న బేరర్ ఇది. చక్రం ఎగజిమ్మిన బురద ఏళ్ల తరబడి ఆ మూలలో పేరుకుంది. బస్సు కడిగినప్పుడల్లా పైనున్న ప్లైవుడ్ నీళ్లు తాగి కిందికి వదిలింది. ఇనుము బయటికి నిండుగానే ఉంది. లోపల తినేసింది. స్క్రూడ్రైవర్ మొనతో పొడవండి. దిగబడింది.

పైన, సరిగ్గా ఈ చోటే, వెనక తలుపు దగ్గర జనం కడ్డీ పట్టుకుని కిక్కిరిసి నిలబడతారు.

"అతుకేస్తే దసరా దాకా ఆగుతది. మారిస్తే పదేండ్లు ఆగుతది. ఏం జేద్దాం?" అడుగుతున్నాడు ఉస్తాద్.

దసరా దగ్గర పడింది. బస్సు యజమానికి ఆయుధపూజ నాటికి ఎర్రరంగులో మెరిసే బస్సు కావాలి. అతుకు వేసి పైన రంగు కొడితే ఫొటోల్లో ఎవరికీ తెలియదు. మీకు తెలుస్తుంది. మీరు కింద పడుకుని విన్నారు.

"మారుద్దాం" అనండి.

* * *

ఇప్పుడు బయటికి వచ్చి నిలబడండి. వీపు దులుపుకోండి. బకెట్లో నీళ్లు, చేతిలో వాటర్ పేపర్. ముందు తలుపు పక్క రేకును రుద్దండి. గుండ్రంగా కాదు, పొడవునా.

మొదట తెల్లరంగు పాలిపోయి కారింది. అది కంపెనీ రంగు. కింద నీలం చార. ఇంకా రుద్దండి. వేళ్ల సందుల్లోంచి కారే నీళ్లు ఉన్నట్టుండి ఎర్రబడ్డాయి. ఎర్రబస్సు బయటపడుతోంది. పిల్లగాడు గుడ్డతో తుడిచాడు. ఎరుపు మీద పాత నంబరు జాడ లేచింది. అంకెలు సగం చెరిగిపోయాయి. ఒక అక్షరం మాత్రం చెక్కు చెదరలేదు. జడ్.

ఆర్టీసీ బస్సు నంబరులో ఈ జడ్‌ను మీరు చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉన్నారు. ఎందుకుందో ఎప్పుడైనా అడిగారా? 1932 జూన్ 15న నిజాం స్టేట్ రైల్వేలో భాగంగా రోడ్డు రవాణా విభాగం మొదలైంది. 27 బస్సులు, 166 మంది సిబ్బంది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ తల్లి జహ్రా బేగం పేరులోని మొదటి అక్షరమే ఈ జడ్ అని చెబుతారు. ఆ విభాగం హైదరాబాద్ రాష్ట్ర ప్రభుత్వం చేతికి వచ్చింది, 1958 జనవరి 11న ఏపీఎస్‌ఆర్టీసీ అయింది, తెలంగాణ వచ్చాక మళ్లీ పేరు మారింది. అక్షరం మారలేదు. ఇప్పుడది మీ బొటనవేలి కింద తడిగా మెరుస్తోంది.

తలుపు పైన బోర్డు పెట్టె అద్దం తుడవండి. లోపల గుడ్డ చుట్ట ఇంకా ఉంది. పిడి తిప్పితే అక్షరాలు ఒక్కొక్కటే దిగుతాయి. 219. సికింద్రాబాద్, పటాన్‌చెరు. ఈ దారిలో మియాపూర్ దాటాక ఆల్విన్ చౌరస్తా వస్తుంది. 1942లో మొదలైన ఆల్విన్ కంపెనీ ఫ్రిజ్‌లూ గడియారాలే కాదు, బస్సు బాడీలు కూడా కట్టింది. ఆర్టీసీ సొంత బస్సు బాడీ యూనిట్ పెట్టుకున్నదీ మియాపూర్‌లోనే. అంటే ఈ బొంబాయి రోడ్డు పొడవునా బస్సులు కట్టిన చేతులున్నాయి. రేకు వంచినవాళ్లు, రివెట్ కొట్టినవాళ్లు, సీట్లు కుట్టినవాళ్లు. చాలామంది రిటైరయ్యారు. మీ పక్కన నిలబడి రివెట్ల వరసను వేలితో లెక్కపెడుతున్న ఈ ముసలాయన దగ్గర ఉన్న పనితనం ఏ పుస్తకంలోనూ లేదు. ఈ బస్సు మీద పని చేస్తేనే అది మీ చేతికి వస్తుంది.

ఫోన్ మోగింది. యజమాని. "రంగు ఎప్పుడు మొదలుపెడుతున్నరు?"

ఉస్తాద్ మీ వైపు చూస్తున్నాడు. జవాబు మీరే చెప్పాలి. "బ్రేకులు అయినంక."

* * *

తుప్పు బేరర్‌ను కోసి తీయాలి. గ్యాస్ కట్టర్ సిద్ధంగా ఉంది. మంట వెలిగించే ముందు ఒక్కసారి చుట్టూ చూడండి. ఏం కనిపించింది?

డీజిల్ ట్యాంకు. కోయాల్సిన చోటికి నాలుగడుగుల దూరం.

ట్యాంకు దాదాపు ఖాళీ. అయితే ఏం భయం అనిపిస్తోందా? ఖాళీ ట్యాంకే భయపెట్టాల్సింది. అందులో మిగిలిన ఆవిరి వేడి తగిలితే ఊరుకోదు. బోల్టులు విప్పండి. ట్యాంకును దింపి, ఇద్దరూ పట్టుకుని, షెడ్డు బయటికి మోసుకెళ్లండి. పక్కన ఇసుక బకెట్లు పెట్టండి. ఫైర్ సిలిండర్ పిన్ను చేతికి అందేలా ఉందో లేదో చూడండి.

ఇక్కడ ఎవరూ విసుక్కోరు. 2025 జూన్ 30న ఈ పారిశ్రామికవాడలోనే జరిగిన పేలుడులో 40 మందికి పైగా కార్మికులు చనిపోయారు. పొద్దున డ్యూటీకి వెళ్లినవాళ్లు సాయంత్రం ఇంటికి రాలేదు. ఈ ఊళ్లో మంట గురించి ఎవరికీ రెండుసార్లు చెప్పనక్కర్లేదు. ట్యాంకు మోయడానికి పక్క షెడ్డు వాళ్లు కూడా పని ఆపి వచ్చారు.

ఇప్పుడు వెలిగించండి.

* * *

కొత్త బేరర్ బిగిసింది. ట్యాంకు తిరిగి ఎక్కింది. కొత్త డీజిల్ పోశారు. ఇప్పుడు డ్రైవర్ పక్కనున్న ఇంజన్ బానెట్ ఎత్తండి. సిటీ బస్సులో చోటు దొరక్క ఎప్పుడో ఒకప్పుడు మీరూ దీని మీద కూర్చునే ఉంటారు. తొడలు కాలుతున్నా లేవకుండా.

ఇంజన్ వెంటనే అందుకోదు. డీజిల్ గొట్టాల్లో గాలి చేరింది. గాలి ఉన్నంతసేపూ పంపు డీజిల్‌ను నెట్టలేదు. ముందు ఆ గాలి తీయాలి. ఫిల్టర్ మీద చిన్న నట్టు ఉంది, పానాతో ఒక చుట్టు వదులు చేయండి. ఇంకో చేత్తో ఫీడ్ పంపు మీటను కొట్టండి. పైకీ కిందికీ. పైకీ కిందికీ. మణికట్టు లాగుతోంది. నట్టు చుట్టూ నురగ వస్తోంది. బుడగలు. ఇంకా బుడగలు. ఆపకండి. బుడగలు పలచబడ్డాయి. ఇప్పుడు ఒక్క బుడగ కూడా లేకుండా డీజిల్ ధారగా జారుతోంది. బిగించండి.

స్టాప్ మీట లాగి పట్టుకుని సెల్ఫ్ కొట్టండి. ఇంజన్ తిరుగుతుంది గానీ అందుకోదు. అందుకోకూడదు కూడా. ఏళ్లుగా ఆయిల్ అందని బేరింగులకు ముందు ఆయిల్ చేరాలి. మీటర్ ముల్లు కొద్దిగా కదిలింది. చాలు. మీట వదలండి. సెల్ఫ్.

దడ్. దడ్. దడదడ.

తెల్లటి పొగ షెడ్డు నింపేసింది. పిల్లగాడు కేక పెట్టాడు. మీరు మాత్రం పొగ చూడకండి, ఆయిల్ ముల్లు చూడండి. అది లేవకపోతే వెంటనే ఆపేయాలి. లేస్తోంది. లేచింది. బానెట్ మీద చేయి పెట్టండి. ఇనుము మీ అరచేతిలో వణుకుతోంది.

చాలామంది ఇక్కడే పని అయిపోయిందనుకుంటారు. బస్సు కదులుతుంది కదా, ఇక రంగేద్దాం అంటారు. కదిలించడం సులువు. ఎనిమిది టన్నుల బస్సును, అందులో అరవై మందితో, కావాలన్న చోట ఆపడం కష్టం. నిలబెట్టిన పాత బస్సుకూ నడిపించే పాత బస్సుకూ తేడా అక్కడుంది.

* * *

చక్రం విప్పారు. డ్రమ్ము లాగారు. లోపలంతా నల్లటి పొడి. పిల్లగాడు అలవాటుగా గాలి పైపు అందుకున్నాడు, ఊది శుభ్రం చేద్దామని. చేయి పట్టుకుని ఆపండి. పాతకాలపు బ్రేకు లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. ఆ పొడి గాలిలోకి లేస్తే ఊపిరితిత్తుల్లో చేరి ఏళ్ల తర్వాత జబ్బు చేస్తుంది. మాస్కు కట్టుకోండి. తడిగుడ్డతో ఒత్తి తుడవండి. గుడ్డను సంచిలో వేసి మూతి కట్టండి. ఉస్తాద్ ఏమీ అనకుండా చూస్తున్నాడు. తన జమానాలో ఇదంతా గాలి పైపుతోనే చేశాడాయన. ఆయన దగ్గు మీరు పొద్దుటి నుంచీ వింటున్నారు.

కొత్త లైనర్లు బిగించండి. డ్రమ్ము లోపలి గోడను వేలితో తడమండి. గీతలున్నాయా? వేడికి పగుళ్లు వచ్చాయా? లేవు. డ్రమ్ము ఎక్కించండి. ఇప్పుడు స్లాక్ అడ్జస్టర్. పానా పెట్టి తిప్పుతూ, ఇంకో చేత్తో చక్రం తిప్పుతూ ఉండండి. చక్రం బిగుసుకుంది. ఇక కొద్దికొద్దిగా వెనక్కి. చక్రం మళ్లీ స్వేచ్ఛగా తిరిగిన చోట ఆపండి. ఇలా నాలుగు చోట్లా ఒకే కొలత ఉండాలి. ఒక పక్క ముందు పట్టి ఇంకో పక్క ఆలస్యంగా పడితే బస్సు పక్కకు లాగేస్తుంది.

ఎయిర్ ట్యాంకుల అడుగున తీగ ఉంది. లాగండి. చాయ్ రంగు నీళ్లు చిమ్మాయి. కంప్రెసర్ నుంచి వచ్చిన తేమ, ఆయిల్ కలిసి ఏళ్లుగా అక్కడే ఉన్నాయి. మొత్తం పోనివ్వండి.

ఇంజన్ నడవనివ్వండి. గాలి ముల్లు లేస్తోంది. రెండు. నాలుగు. ఆరు. ఏడు దాటగానే కింద ఫుస్సుమని వాల్వు వదిలింది. సరిగ్గా పని చేస్తోంది. ఇంజన్ ఆపండి. సబ్బు నీళ్లు కుంచెతో ప్రతి జాయింటుకూ పూయండి. బుడగ లేస్తే అక్కడ లీకు. లేవలేదు. పెడల్ తొక్కి పట్టుకోండి. ముల్లు చూడండి. కొంచెం దిగి, నిలబడింది.

"నిలబడ్డ బండిల బ్రేకు మంచిగనే ఉంటది" అన్నాడు ఉస్తాద్. "రోడ్డు మీద చూద్దాం."

* * *

ఒంటిగంటన్నర. రెండింటికి షిఫ్టు మారుతుంది. ఇప్పుడు వెళ్తే గేట్ల ముందు వేలమంది, బైకులు, షేర్ ఆటోలు. ఇప్పుడే వెళ్తారా, ఆగుతారా?

ఆగండి. అన్నం తినండి. మూడింటికి రోడ్డు ఖాళీ అయింది. ఇస్నాపూర్ వైపు వద్దు. లోపలి రోడ్డు తీసుకోండి. హెవీ లైసెన్సు మీ జేబులో ఉంది. సీట్లన్నీ ఖాళీ. వెనక తలుపులో విజిల్‌తో పిల్లగాడు. బానెట్ పక్కన కడ్డీ పట్టుకుని ఉస్తాద్.

స్టీరింగ్ పెద్దది, బరువైనది. పవర్ స్టీరింగ్ లేదు. భుజాలతో తిప్పాలి.

"రైట్ రైట్!"

మొదటి గేరు. రెండో గేరు. పది కిలోమీటర్ల వేగం. తొక్కండి. ఆగింది, తిన్నగా. మళ్లీ. ఇరవై. తొక్కండి. ఆగింది. ముప్పై. తొక్కండి. పక్కకు లాగలేదు. ఉస్తాద్ తలూపాడు. గాలి ముల్లు ఏడు దగ్గరే ఉంది. కిటికీ అద్దాలు గలగలలాడుతున్నాయి. మూడో గేరు. నాలుగో గేరు. రోడ్డు కొంచెం దిగుడుగా ఉంది.

అప్పుడు కనిపించింది.

ఎడమ గేటులోంచి ట్యాంకర్ వెనక్కి వస్తోంది. మెల్లగా. రోడ్డుకు అడ్డంగా. దాని డ్రైవర్ మిమ్మల్ని చూడలేదు. నూటయాభై అడుగులు.

బ్రేకు తొక్కండి.

పట్టింది. బస్సు ముందుకు వంగింది. అంతలో కింద ఫట్‌మని శబ్దం. తర్వాత ఒకటే బుస.

గాలి పోతోంది.

ముల్లు చూడండి. ఆరు. అయిదు. బజర్ మోగుతోంది. మీ కాలు మళ్లీ మళ్లీ తొక్కాలంటోంది.

"కొట్టకు!" ఉస్తాద్ అరిచాడు. "కాలు తియ్!"

తీస్తారా? ఎదురుగా ట్యాంకర్. బ్రేకు మీంచి కాలు తీస్తారా?

తీయండి. తొక్కినప్పుడే గాలి పోతోంది. వదిలితే ఆగుతుంది. ప్రతి తొక్కుడుకూ ఉన్న గాలి ఖర్చయిపోతుంది.

తీశారు. బుస ఆగింది. ముల్లు నాలుగు దగ్గర.

క్లచ్. న్యూట్రల్. ఇంజన్ లేపండి. క్లచ్. మూడు.

కర్రుమంది. పడింది. ఇంజన్ గర్జించింది. వేగం తగ్గింది.

మళ్లీ. క్లచ్. లేపండి. రెండు.

పడింది.

ఎనభై అడుగులు. ట్యాంకర్ వెనక స్కూటర్. స్కూటర్ మీద ఒకావిడ.

విజిల్. విజిల్. విజిల్.

"హోల్డాన్! హోల్డాన్!"

ఎడమకు. రోడ్డు దిగండి. మట్టి. సర్కారు తుమ్మ కొమ్మలు అద్దానికి గీసుకున్నాయి.

హ్యాండ్‌బ్రేకు. లాగండి. రెండు చేతులూ వద్దు. స్టీరింగ్ వదలొద్దు. లాగండి.

వెనక చక్రాలు ఈడ్చుకున్నాయి.

ఇప్పుడు. మిగిలిన గాలి మొత్తం. ఒక్కసారే. గట్టిగా.

తొక్కండి.

ఆగింది.

ట్యాంకర్‌కు రెండు బారల దూరం. స్కూటర్ ఆవిడ కాలు నేల మీద పెట్టి మీ వైపే చూస్తోంది. ఇంజన్ ఆపండి. చేతులు స్టీరింగ్ మీంచి రావడం లేదు. పరవాలేదు. కాసేపు అలాగే ఉంచండి.

ఉస్తాద్ మీ భుజం మీద చేయి వేశాడు. "మంచిగ ఆపినవ్ బిడ్డా" అన్నాడు. తమ్మీ అనలేదు.

* * *

దిమ్మెలు పెట్టండి. కిందికి వెళ్లండి. ఎడమ ముందు చక్రం దగ్గర, ఛాసిస్ నుంచి ఇరుసుకు వచ్చే రబ్బరు గొట్టం చీలి వేలాడుతోంది. విప్పి తీసుకురండి. కత్తితో పొడవునా కోయండి.

పైపొర చూడండి. నల్లగా, నునుపుగా, కొత్తదే అన్నట్టుంది. సబ్బు నీళ్లకు ఇక్కడ ఒక్క బుడగ కూడా లేవలేదు. ఇప్పుడు లోపలి పొర చూడండి. పెంకులు పెంకులుగా పగిలింది. గోరు పెడితే ముక్కలు రాలుతున్నాయి. వేడి, కంప్రెసర్ నుంచి వచ్చే ఆయిల్ ఆవిరి, వీటికి మించి వయసు. తిరిగిన కిలోమీటర్లతో రబ్బరుకు పని లేదు. చెట్టు కింద నిలబడినా ముసలిదవుతుంది. చక్రం తిరిగినప్పుడల్లా వంగే గొట్టం ఇది. గట్టి బ్రేకు కోసమే ఇన్నాళ్లూ ఆగినట్టుంది.

అందుకే ఖాళీ బస్సు. అందుకే ఖాళీ రోడ్డు. అందుకే మూడు గంటల దాకా ఆగడం.

"ఈ బండిల రబ్బరన్నది ఏదీ పాతది ఉండొద్దు" అన్నాడు ఉస్తాద్. గొట్టాలు, డయాఫ్రంలు, సీళ్లు, ఇంధన పైపులు. మొత్తం.

మరి అన్నీ మార్చేస్తే ఇది పాత బస్సే అవుతుందా? ఆ సందేహం మీకు వచ్చి ఉంటుంది. డిపోను గుర్తు చేసుకోండి. ఇంజన్ పాడైతే దించి, వర్క్‌షాప్ బాగు చేసి పంపిన మరో ఇంజన్ ఎక్కించి బస్సును రోడ్డు మీదికి పంపుతారు. గేర్‌బాక్సుకూ అంతే. టైర్లకు కొత్త తొడుగు వేసి మళ్లీ వాడతారు. సిటీ బస్సు పుట్టిన నాటి సామానుతో ఏనాడూ తిరగలేదు. భాగాలు మారుతూ ఉండటమే దాని బతుకు. దాని ఆకారం, రేకు మీద రివెట్ల వరస, రెండు తలుపులు, బోర్డు పెట్టె, ఇంజన్ మోత, వీటిని కాపాడండి. ప్రాణం పట్టుకుని ఉండే రబ్బరును మాత్రం నిస్సంకోచంగా మార్చండి.

ఆర్టీసీ దాచుకున్న పాత ఆల్బియన్ బస్సు ఒకటుంది. 'డెక్కన్ క్వీన్'. స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో తయారైన బండి. ఆల్బియన్ కంపెనీని 1951లో బ్రిటన్‌లోని లేలాండ్ కొనేసింది. ఆ లెక్కన మీ ఎదురుగా ఉన్న లేలాండ్‌కు అది చుట్టమే. ఆ ఒక్కటీ మిగిలింది కాబట్టి 1932 ఎలా ఉండేదో ఇవాళ కళ్లతో చూడగలుగుతున్నాం. ఆ తర్వాతి బస్సుల్లో ఎన్ని మిగిలాయి? సికింద్రాబాద్ నుంచి జూపార్కు దాకా పై అంతస్తు ముందు సీటు కోసం పిల్లలు పరుగెత్తిన డబుల్ డెక్కర్లు 2000 తర్వాతి తొలి ఏళ్లలో రోడ్డు వదిలాయి. జనం అడిగితే 2023 ఫిబ్రవరిలో హెచ్ఎండీఏ కొత్త ఎలక్ట్రిక్ డబుల్ డెక్కర్లు తెచ్చింది. అవీ అందమైనవే. కానీ పాతదాని మెట్లెక్కిన అడుగుల చప్పుడు వాటిలో వినిపించదు.

* * *

కొత్త గొట్టాలు వచ్చాయి. అన్నీ బిగించారు. అదే రోడ్డు. అదే దిగుడు. ముప్పై వేగంలో గట్టిగా తొక్కండి. ఆగింది. మళ్లీ. ఆగింది. ముల్లు కదల్లేదు. పదిసార్లు తొక్కి, దిగి, నాలుగు డ్రమ్ముల దగ్గరా చేయి పెట్టి వేడి చూడండి. అన్నీ ఒకే వేడి. నలభై. తొక్కండి. ఆగింది.

తిరిగి వచ్చేటప్పుడు షిఫ్టు వదిలారు. ఇస్నాపూర్ దారిలో గేటు ముందు టిఫిన్ డబ్బాలతో ఆడవాళ్లు నిలబడ్డారు. తలుపు పైన బోర్డు చూసి చేయి ఎత్తారు.

"పటాన్‌చెరు పోతదా?"

ఏం చెబుతారు?

"పోదమ్మా. టెస్టింగ్ బండి" అనండి. నిజం అదే. వాళ్లను ఎక్కించుకునే పర్మిట్ మీకు లేదు. ఇకముందు వస్తుందా అంటే, దారి ఇరుకు. 2021 జూలైలో కేంద్రం పాత వాహనాలను కాపాడటానికి నిబంధనలు తెచ్చింది. 50 ఏళ్లు దాటి, మూలరూపంలో ఉన్న వాటికి 'వీఏ' అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. అయితే అది సొంతానికి వాడే ద్విచక్ర వాహనాలకూ కార్లకూ మాత్రమే. బస్సు ఆ లెక్కలో లేదు. 2023 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ రద్దవుతోంది. ఆర్టీసీ బస్సులూ అందులోనే ఉన్నాయి. అవి నేరుగా తుక్కుకు వెళ్తాయి.

ఆ నిబంధనకు కారణం ఉంది. ఆ కారణం మీ కుడికాలికి తెలుసు. పొగ, ప్రమాదం, రెండూ నిజమే. రోజువారీ ప్రయాణికులకు కొత్త బస్సులే కావాలి. కానీ ఒక రకం బస్సులన్నీ తుక్కుకు పోయే ముందు, మంచిదొకటి చూసి పక్కన పెట్టడానికి ఎంత ఖర్చు? 2023 సెప్టెంబర్ 15న ముంబయిలో చివరి డీజిల్ డబుల్ డెక్కర్ తిరిగినప్పుడు జనం పూలదండలతో వీడ్కోలు చెప్పారు. లండన్ వాళ్లు 2005లో రూట్‌మాస్టర్లను రోజువారీ రూట్ల నుంచి తీసేశారు గానీ, కొన్నింటిని బాగు చేసి మరికొన్నేళ్లు ప్రత్యేక రూట్లలో నడిపారు. మన దగ్గర ఇదంతా చేయగల మెకానిక్కులు ఉన్నారు. వర్క్‌షాపులు ఉన్నాయి. లేనిదల్లా ఆ బస్సుకు చట్టంలో ఒక చోటు.

అడగడానికి ఏముంది? ఒక్కో మోడల్‌కు ఒక బస్సు. ఏటా బ్రేకు పరీక్ష, పొగ పరీక్ష. ఏడాదిలో కొన్ని రోజులే, చెప్పిన దారిలోనే తిరిగే అనుమతి. అంతే. షెడ్డులో నిలబెట్టి తాళం వేస్తే సరిపోదు. నిలబడితే దీనికి ఏమవుతుందో కోసిన గొట్టం చూపించింది. పాత బస్సు నడుస్తుంటేనే బతుకుతుంది. దాన్ని నడిపే చేతులూ అంతే.

షెడ్డుకు చేరారు. ఫోన్ మళ్లీ మోగుతోంది. యజమానికి ఉన్నదున్నట్టు చెప్పండి. దసరాకు ఎర్రరంగు ఉండదు, బూడిదరంగు ప్రైమరే ఉంటుంది. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, బొట్టు పెట్టి, పూజ దానికే చేయొచ్చు. అవతల కాసేపు మాట లేదు. తర్వాత అడిగాడు, "బ్రేకులు?"

"పక్కా" అనండి.

ఇప్పుడు కాగితం తీయండి. ఏ వేగంలో ఎన్ని అడుగుల్లో ఆగిందో, గాలి ముల్లు ఎక్కడుందో, ఏ గొట్టం ఏ తేదీన మార్చారో వరసగా రాయండి. కింద ఉస్తాద్ సంతకం. సోమవారం ఫిట్‌నెస్ కోసం సంగారెడ్డి రవాణా ఆఫీసుకు వెళ్తున్నారు కదా, ఈ కాగితం కూడా పట్టుకెళ్లండి. పాత బస్సులకూ ఒక నిబంధన కావాలని అర్జీ రాసి దీనికి జత చేయండి. రంగు వేసిన బస్సును చూపించి అడిగితే ముచ్చట అనుకుని పక్కన పెడతారు. ఈ బస్సు ఆగుతుందని రుజువు చూపించి అడగండి. అడిగే హక్కు మీరు సంపాదించుకున్నారు.